పటిక పట్టిన పుటలు

కాగితం వయసుకూ దాని బలానికీ ఉన్న సంబంధం పైకి తోచేంత సూటిగా ఉండదు. ఐరోపాలో పదిహేనో శతాబ్దం చివర అచ్చైన లాటిన్ పుస్తకాల్లో చాలావాటి పుటలు ఈనాటికీ మెత్తగా, మడిచి విప్పడానికి వీలుగా ఉన్నాయి. వాటికంటే నాలుగు వందల ఏళ్లు చిన్నవైన, 1880-1950 మధ్య అచ్చైన పుస్తకాలూ పత్రికలూ మాత్రం అంచులు ఎర్రబారి, మూల మడిస్తే విరిగి, పుట తిప్పబోతే పొడిగా రాలిపోయే స్థితికి చేరాయి. పుస్తకం పాడైతే చెదలనో, వాననీటినో, గ్రంథాలయం వారి అశ్రద్ధనో నిందించడం మన అలవాటు. వాటి పాత్ర లేదని ఎవరూ అనరు గానీ, ఎవరూ ముట్టని, ఏ పురుగూ చేరని, తాళం వేసిన బీరువాలోని పుస్తకం కూడా పెళుసుబారుతోందంటే, ఆ దోషం కాగితం తయారైన తొట్టిలోనే పుట్టిందని ఒప్పుకోవలసి వస్తుంది. అది ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ కాగితంలో చేరిందన్న చరిత్ర, విచిత్రంగా, తెలుగు అచ్చు చరిత్రతో దాదాపు అడుగడుగునా కలిసి నడిచింది.

కాగితానికి ప్రాణమైన పదార్థం సెల్యులోజ్. మొక్కల కణాల గోడల్లో ఉండే ఈ పదార్థాన్ని 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ వేరుచేసి గుర్తించాడు. గ్లూకోజ్ అణువులు ఒకదానికొకటి ఆక్సిజన్ లంకెతో కలిసి ఏర్పడే పొడవాటి గొలుసే సెల్యులోజ్. పత్తిపోగులో ఒక్కో గొలుసుకు వేలకొద్దీ గ్లూకోజ్ కడియాలు ఉంటాయి, నేసి, తొడిగి, ఉతికి, దంచిన గుడ్డపేలికల నుంచి చేసిన మంచి కాగితంలో ఆ సంఖ్య తగ్గినా వెయ్యికి అటూఇటూగా నిలుస్తుంది. అది సగటున రెండు మూడు వందలకు పడిపోయిన కాగితంలో చెప్పుకోదగ్గ బలం మిగలదు. ఇక్కడ లెక్క ఒకసారి వేసి చూడదగ్గది: వెయ్యి కడియాల గొలుసు నాలుగు చోట్ల తెగితే ఐదు ముక్కలై, సగటు పొడవు రెండు వందలకు దిగుతుంది. అంటే వెయ్యి లంకెల్లో నాలుగు తెగితే చాలు, కాగితం పని అయిపోయినట్టే. మిగిలిన తొమ్మిది వందల తొంభై పైచిలుకు లంకెలు చెక్కుచెదరకుండానే ఉంటాయి. చేతిలో రాలిపోయే పుట కూడా రసాయనికంగా దాదాపు పూర్తిగా సెల్యులోజే అయివుండటానికీ, అక్షరాలు స్పష్టంగా కనిపిస్తూ ఉండగానే పుట నిలవలేకపోవడానికీ కారణం ఇదే.

తెగే చోట్లు కూడా ఎక్కడపడితే అక్కడ ఉండవు. పోగులో గొలుసులు కొన్ని చోట్ల ఒత్తుగా, వరుసగా పేర్చినట్టు ఉండి నీటిని లోపలికి రానివ్వవు, కొన్ని చోట్ల చిక్కుపడి వదులుగా ఉంటాయి. పోగు వంగడానికి అవకాశమిచ్చేవి ఆ వదులు భాగాలే, నీరూ ఆమ్లమూ ముందుగా చొరబడేవీ అవే. అందువల్ల పాడవుతున్న కాగితం మొదట పోగొట్టుకునేది వంగే గుణాన్ని. లాగితే కొంతకాలం ఓర్చుకునే పుట మడిస్తే మాత్రం ఓర్చుకోలేదు. గ్రంథాలయాల్లో పుట మూలను ముందుకూ వెనక్కూ మడిచి, ఎన్ని మడతలకు విరుగుతుందో చూసి కాగితం ఆయువును అంచనా వేసే పరీక్షకు ఆధారం ఇదే.

పందొమ్మిదో శతాబ్దానికి పూర్వపు కాగితం ఇంత త్వరగా ఈ స్థితికి చేరకపోవడానికి దాని తయారీయే కారణం. చైనాలో పుట్టి, సమర్ఖండ్ మీదుగా అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరిన ఈ విద్యలో ముడిసరుకు నార, జనుము, పత్తి గుడ్డపేలికలే. పేలికలను నానబెట్టేటప్పుడు సున్నం వాడటం, సున్నపు అంశం ఎక్కువగా ఉండే నీటితో గుజ్జు కడగటం వల్ల కాగితంలో కొంత కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, మిగిలిపోయేది. తరువాతి కాలంలో గాలినుంచి వచ్చి చేరే ఆమ్లాన్ని అది విరిచేది. హిందూదేశంలో కాశ్మీరులోనూ, దౌలతాబాద్ దగ్గరి కాగజీపురాలోనూ, తెలంగాణలో చేతికాగితానికి పేరుపొందిన కోరుట్ల వంటి చోట్లా కాగితం చేసే కాగజీలు పాత సంచులనూ, తాళ్లనూ, పేలికలనూ సున్నంతో నానబెట్టి దంచి, తీసిన తావులకు గంజి పట్టించి, నున్నని రాతితో మెరుగు పెట్టేవారు. పట్వారీల లెక్కలకు వాడిన ఈ కాగితం చూపుకు మోటుగా, రంగులో మాసినట్టుగా ఉన్నా, సమకాలంలో సీమ నుంచి దిగిన తెల్లని కాగితం కంటే రసాయన దృష్ట్యా ఆరోగ్యమైనదే.

కాగితానికి జిగురు పట్టించడం ఎందుకో ఇక్కడ చెప్పుకోవాలి. జిగురు లేని కాగితం మీద సిరా పాకిపోతుంది. ఐరోపాలో పదమూడో శతాబ్దం నుంచి ఇటలీలోని ఫాబ్రియానో పనివారు తోళ్లూ, డెక్కలూ ఉడికించి తీసిన జెలటిన్‌లో ఒక్కొక్క తావునూ ముంచి ఆరబెట్టేవారు. ఆ జెలటిన్ కుళ్లకుండా, గట్టిపడేందుకు పదిహేడో శతాబ్దంలో కొద్దికొద్దిగా పటిక కలపడం మొదలైంది. ఒక్కో తావును చేత్తో ముంచడం నిదానమైన పని. 1799లో ఫ్రాన్స్‌లో లూయీ నికొలా రాబేర్ ఎడతెగని కాగితపు పట్టీని తీసే యంత్రానికి హక్కు పొందాక, యంత్రం వేగానికి తగిన జిగురు అవసరమైంది. దాన్ని చూపినవాడు జర్మనీకి చెందిన మోరిట్స్ ఫ్రీడ్రిష్ ఇల్లిగ్. పైన్ చెట్ల బంక నుంచి తీసే రోజిన్‌ను క్షారంలో కరిగించి గుజ్జులోనే కలిపి, పైన పటిక చేరిస్తే రోజిన్ పోగులకు అంటుకుంటుందనీ, తొట్టిలోనే జిగురు పని పూర్తవుతుందనీ 1807లో అతడు ప్రకటించాడు. చవకైనది, నమ్మదగ్గది, తేలికైనది. కొన్ని దశాబ్దాల్లోనే పడమటి దేశాల మిల్లులు చాలావరకు ఈ పద్ధతికి మారాయి. కాగితం చరిత్రలో ఇంత నష్టం చేసిన మంచి ఉపాయం మరొకటి లేదేమో.

పటికలో, తరువాత దాని స్థానంలో మిల్లులు వాడిన అల్యూమినియం సల్ఫేట్‌లో, చిక్కు ఏమిటంటే అది తేమతో కలిసినప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా విడిపోతూ గంధకికామ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్ గ్లూకోజ్ కడియాల మధ్యనున్న ఆక్సిజన్‌కు అంటుకుని లంకెను బలహీనపరుస్తుంది, లంకె తెగుతుంది, తెగిన చోట నీటి అణువు వచ్చి చేరుతుంది, హైడ్రోజన్ అయాన్ మళ్లీ విడుదలై మరో లంకె మీదికి పోతుంది. నీటి సాయంతో అణువు విడిపోవడాన్ని జలవిశ్లేషణ అనీ, తాను ఖర్చు కాకుండా చర్యను నడిపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అనీ రసాయన శాస్త్రం పిలుస్తుంది. ఆమ్లం ఇక్కడ ఉత్ప్రేరకం గనుక ఎంత పని చేసినా తరిగిపోదు. పైగా పాడవుతున్న సెల్యులోజ్ నుంచి ఫార్మిక్, ఎసిటిక్, ఆక్సాలిక్ వంటి ఆమ్లాలు పుట్టి ఉన్నదానికి తోడవుతాయి. పాతబడిన కొద్దీ పాడయ్యే వేగం పెరగడానికి ఇదొక కారణం.

ఈ వ్యాధిని మొదట గుర్తించినవాడు గ్రంథాలయాలతో ఉద్యోగరీత్యా ఏ సంబంధమూ లేని స్కాట్లండ్ విజ్ఞాన ఉపన్యాసకుడు జాన్ మర్రే. 1816లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చై, ఎవరూ వాడని బైబిలు ప్రతి ఒకటి పొడిగా రాలిపోవడం చూసి, ఆ కాగితాన్ని నాలుకకు తాకించి పటిక వగరును పోల్చుకుని, పరీక్షలు చేసి, అందులో ఆమ్లం ఉందని 1823లో ఒక లండన్ పత్రికకు లేఖ రాశాడు, మరుసటి ఏడు చిన్న పుస్తకమూ వేశాడు. పటికతో పాటు, కొత్తగా వాడుకలోకి వచ్చిన క్లోరిన్ చలువను కూడా అతడు తప్పుపట్టాడు. 1774లో రసాయన శాస్త్రజ్ఞుడు షీలే కనుగొన్న క్లోరిన్‌తో రంగు పేలికలను సైతం తెల్లగా చేయడం మిల్లులకు సులువైంది గానీ, సరిగ్గా కడగకపోతే అది ఆమ్లంగా మారి కాగితంలోనే ఉండిపోయేది. మర్రే రాసే నాటికి కాగితంలో కొయ్య గుజ్జు వాడకమే లేదు. తరువాత వందేళ్ల పాటు కాగితం పాడవడానికి నేరమంతా కొయ్యదేనని నమ్మిన పండితులు ఈ ఒక్క తేదీని గమనించి ఉంటే అసలు దోషి పటిక అని చాలా ముందే తేలి ఉండేది.

కొయ్యకు మాత్రం తన వంతు దోషం ఉంది. అచ్చు పెరిగి పేలికలు చాలని పరిస్థితిలో, 1840ల్లో సాక్సనీకి చెందిన ఫ్రీడ్రిష్ గోట్లోబ్ కెల్లర్ దుంగను తిరుగుతున్న రాతికి ఒత్తి, నీళ్లలో అరగదీసి గుజ్జు చేసే పద్ధతిని కనిపెట్టాడు. ఇలా చేసిన గుజ్జులో కొయ్యలోని లిగ్నిన్ అంతా మిగిలిపోతుంది. పోగులను ఒకదానికొకటి అంటించి చెట్టును నిటారుగా నిలబెట్టే ఈ పదార్థం వెలుతురూ గాలీ తగిలితే ఆక్సిజన్‌తో కలిసి పసుపు, గోధుమ రంగు సమ్మేళనాలుగా మారుతుంది. ఎండలో ఒక మధ్యాహ్నం వదిలేసిన వార్తాపత్రిక సాయంత్రానికి రంగు మారడం దీని పనే. ఫ్లోరోగ్లూసినాల్ అనే రసాయనాన్ని ఉదజహరికామ్లంలో కలిపి వార్తాపత్రిక మీద ఒక చుక్క వేస్తే క్షణాల్లో గులాబీ ఎరుపు మచ్చ తేలుతుంది, పేలికల కాగితం మీద ఏ రంగూ రాదు. కొయ్యలోని హెమిసెల్యులోజ్ నుంచి ఎసిటిక్ ఆమ్లం విడుదల కావడం మరో సంగతి. పాత పుస్తకాల గదిలో అడుగుపెట్టగానే తగిలే, పుస్తక ప్రియులు మురిసిపోయే, ఆ తీయని వాసనలో లిగ్నిన్ నుంచి వచ్చే వెనిలిన్, సెల్యులోజ్ చెడితే వచ్చే ఫర్‌ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం కలిసి ఉంటాయి. పుస్తకం చెడుతున్న కొద్దీ వెలువడేదే ఆ పరిమళం. సోడా, సల్ఫైట్ పద్ధతుల్లో కొయ్యను రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ను చాలావరకు తొలగించడం పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో సాధ్యమైనా, అలా వచ్చిన మేలిరకం గుజ్జుకు కూడా మిల్లులు పటిక, రోజిన్‌లనే పట్టించాయి.

తెలుగు అచ్చు ఈ కాలపట్టికలో ఎక్కడ పడుతుందో చూస్తే దాని దురదృష్టం తెలుస్తుంది. జర్మనీలోని హాలే నగరంలో 1740ల్లో బెంజమిన్ షుల్జ్ వేయించిన క్రైస్తవ గ్రంథాలు పేలికల కాగితపు కాలానికి చెందినవి. దేశంలో తెలుగు అచ్చు నిలదొక్కుకున్నది మాత్రం ఇల్లిగ్ ప్రకటన తరువాతే: కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, కాంప్‌బెల్ వ్యాకరణం 1816లో, బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడ్డాయి, వావిళ్ల వారి ముద్రణాలయం 1854లో మొదలైంది. కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని 1874లోనూ, కృష్ణాపత్రిక 1902లోనూ, కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగానూ, 1914లో మద్రాసులో దినపత్రికగానూ వచ్చేనాటికి ప్రపంచమంతటా ఆమ్ల కాగితం, కొయ్యగుజ్జు న్యూస్‌ప్రింట్ రాజ్యమేలుతున్నాయి. ఐరోపా భాషలకు గూటెన్‌బర్గ్ నుంచి మూడున్నర శతాబ్దాల పాటు బలమైన కాగితం మీద అచ్చైన సాహిత్యం ఉంది. తెలుగు అచ్చుకు అటువంటి పూర్వరంగం దాదాపు లేదు. తాటాకు గ్రంథం శిథిలమైతే మరో ఆకు మీద నకలు రాసుకునే ఆచారం తరతరాలుగా నడిచిన చోట, అచ్చు వచ్చాక ఇక నకలు అవసరం లేదన్న ధీమా కలిగింది. ఆ ధీమా కలిగిన కాలమే కాగితం అన్ని యుగాల్లోకీ బలహీనంగా ఉన్న కాలం. బ్రౌన్ తాటాకుల నుంచి కాగితం మీదికి ఎత్తి రాయించిన ప్రతులు నిలవడం, వాటి ఆధారంగా తరువాత చవక కాగితం మీద అచ్చైన పుస్తకాలు ముందుగా రాలిపోవడం ఈ లెక్కలో వింతేమీ కాదు.

చేతిరాతల విషయంలో కాగితానికి బదులు సిరా చేటు చేసే సందర్భమూ ఉంది. కుంపిణీ కచేరీల్లో ఐరోపా లేఖకులు వాడిన నల్లసిరా, ఓక్ చెట్టు బుడిపెల్లోని వగరు పదార్థాన్ని అన్నభేదితో, అంటే ఫెర్రస్ సల్ఫేట్‌తో కలిపి చేసినది. అందులోని ఇనుము ఆక్సీకరణాన్ని వేగిరపరిచి, గంధకికామ్లం తోడై, అక్షరాల గీతల వెంటే కాగితాన్ని తొలిచివేస్తుంది. దీపపు మసిని బంకతో నూరి చేసే దేశీ సిరాలో ఉండేది బొగ్గుపొడి గనుక కాగితానికి దానివల్ల ఏ హానీ లేదు.

దోషం తొట్టిలో పుట్టినా అది ఎంత వేగంగా పనిచేస్తుందన్నది నిలవ చేసిన చోటు నిర్ణయిస్తుంది. గది వేడి ఐదు డిగ్రీలు పెరిగితే జలవిశ్లేషణ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది కాగితపు సంరక్షకుల వాడుక లెక్క. దాని ప్రకారం 18 డిగ్రీల గదిలో ఉన్న ప్రతి కంటే 30 డిగ్రీల గదిలోని ప్రతి ఐదింతల వేగంతో ముసలిదవుతుంది. చర్యకు నీరు కావాలి గనుక గాలిలోని తేమ కూడా లెక్కలోకి వస్తుంది: సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉన్నప్పుడు కాగితం తన బరువులో ఆరేడు శాతం నీటిని పీల్చుకుని ఉంటుంది, 80 శాతం ఉంటే అది పది దాటుతుంది. 1918లో మొదలై పాత తెలుగు పత్రికల సంచయానికి పేరుపొందిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు సముద్రపు గాలి తగిలే కోస్తాలో ఉండటం చూస్తే, అక్కడ ఇన్ని సంపుటాలు మిగలడం పోషకుల శ్రద్ధకే నిదర్శనం, ఎందుకంటే వాతావరణం వారికి ఏ సాయమూ చేయలేదు. నగరాల్లో బొగ్గుపొగ నుంచి వచ్చే గంధక డయాక్సైడ్ దీనికి తోడవుతుంది. కాగితంలో ఆనవాలుగా ఉండే ఇనుము, రాగి సాయంతో అది గంధకికామ్లంగా మారుతుంది. గట్టిగా మూసిన పుస్తకంలోకి ఈ వాయువు అంచుల నుంచే చొరబడుతుంది, అందుకే పుట నడుమ లేతగానూ, చుట్టూ వేలెడు మేర ముదురు గోధుమ రంగులోనూ ఉంటుంది. ఆమ్లం ఒక కాగితం నుంచి మరో దానికి పాకుతుంది కూడా. పేలికల కాగితపు పుస్తకంలో ఎవరో గుర్తుగా పెట్టి మరచిన వార్తాపత్రిక ముక్క, ఎదుటి పుట మీద తన ఆకారంలోనే నలుచదరపు మచ్చ వేసి ఉండటం పాత పుస్తకాల్లో సాధారణంగా కనిపించే దృశ్యం.

మర్రే చెప్పినదాన్ని ప్రయోగాలతో నిలబెట్టి లోకం చేత ఒప్పించినవాడు అమెరికాలోని వర్జీనియాకు చెందిన విలియం బారో. ఇతడు పట్టభద్రుడైన రసాయన శాస్త్రజ్ఞుడు కాదు, పాత దస్తావేజులు బాగుచేసే పనివాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో అచ్చైన 500 పుస్తకాల పుటలను యంత్రంలో మడిచి, విరిచి చూసి, వాటిలో అత్యధిక భాగం మరో యాభై ఏళ్లకు మించి వాడకానికి నిలవవని 1959లో ప్రకటించాడు. అతడు చూపిన వైద్యం విస్మయకరమైనంత సులువైనది: పుటలను ముందు సున్నపు తేటలో, తరువాత కాల్షియం బైకార్బొనేట్ నీటిలో ముంచితే ఆమ్లం విరిగి, పోగుల మధ్య కొద్దిగా సుద్ద మిగులుతుంది. కాగజీల తొట్టిలో సున్నం చేసిన పని ఇంచుమించు ఇదే. తెగిన గొలుసులను మాత్రం ఏ తేటా తిరిగి అతికించలేదు. వైద్యం జరగబోయే నష్టాన్ని ఆపుతుందే గాని జరిగినదాన్ని పూడ్చదు.

బారో జోస్యం మీద వివాదం ఇప్పటికీ తీరలేదు. కాగితాన్ని 100 డిగ్రీల వేడిలో 72 గంటలు ఉంచితే పాతికేళ్ల వయసు వచ్చినట్టేనన్న అప్పటి సమీకరణం మీద అతడు ఆధారపడ్డాడు. పొయ్యిలో ఎండిన కాగితమూ, గదిలో తేమతో బతికే కాగితమూ ఒకే తీరున చెడవని తరువాతి పరిశోధకులు చూపారు. విడి తావు కంటే దొంతరలోని తావు త్వరగా పాడవుతుందనీ, బయటికి పోవలసిన ఆమ్లపు ఆవిర్లు దొంతరలో చిక్కుకుపోవడమే కారణమనీ కూడా తేలింది. అమెరికా గ్రంథాలయాలు మైక్రోఫిల్మ్ తీసి అసలు వార్తాపత్రికలను వదిలించుకోవడానికి ఈ జోస్యాన్ని సాకుగా వాడుకున్నాయని రచయిత నికల్సన్ బేకర్ 2001లో ఒక పుస్తకమే రాశాడు. అతని కోపంలో అతిశయోక్తి ఉన్నా, పెళుసుబారిన పుస్తకం ఎవరూ విసురుగా తిప్పనంత కాలం దశాబ్దాలు నిలబడగలదన్న అతని మాట నిజమే. బలం పోవడం వేరు, పాఠం పోవడం వేరు.

ఒక్కొక్క పుటనూ ముంచడం లక్షల సంపుటాలున్న చోట కుదిరే పని కాదు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం డైఇథైల్ జింక్ వాయువును పుస్తకాలకు పట్టించే పద్ధతిని 1980ల్లో ప్రయత్నించింది. గాలి తగిలితే భగ్గుమనే ఈ వాయువు ప్రయోగశాలలో అగ్నిప్రమాదం తెచ్చాక, చివరికి మెగ్నీషియం ఆక్సైడ్ సన్నని రేణువులను పుటల మీద అద్దే పద్ధతి 1990ల్లో స్థిరపడింది. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం అంత ఖర్చు లేకుండా, యంత్రం అవసరం లేకుండా, పుటకు రెండు వైపులా సెల్యులోజ్ ఎసిటేట్ పొర, దాని మీద పల్చని కాగితం పరిచి, ఎసిటోన్‌లో తడిపిన దూదితో అద్ది అంటించే పద్ధతిని 1950ల్లో రూపొందించింది. ప్రపంచం దీన్ని భారతీయ పద్ధతి అని పిలిచింది. అయితే ముందుగా ఆమ్లం విరవకుండా పొర అంటిస్తే లోపలి కాగితం తన దారిన తాను చెడుతూనే ఉంటుంది.

మిల్లులు పటికను వదిలింది గ్రంథాలయాల మొర విని కాదు. క్షార మాధ్యమంలో పనిచేసే కృత్రిమ జిగురులు 1950ల నుంచి అందుబాటులోకి వచ్చాయి, వాటితో చవకైన సుద్దను కాగితంలో నింపుడు పదార్థంగా వాడే వీలు కలిగింది, ఆమ్లం లేనందున యంత్రాలు తుప్పు పట్టడం తగ్గింది. లాభసాటి అని తేలాకే 1980లు, 1990ల్లో ఐరోపా, అమెరికా మిల్లులు మారాయి. తెలుగు నేల మీది మిల్లుల చరిత్ర కూడా పటికతోనే మొదలైంది. 1920ల్లో రాజమండ్రిలోనూ, 1940ల ఆరంభంలో నిజాం రాజ్యపు సిర్పూర్‌లోనూ కాగితం తీయడం మొదలైనప్పుడు ముడిసరుకు అడవి వెదురు. వెదురును రసాయనాలతో ఉడికించి లిగ్నిన్ తీసినందువల్ల ఆ కాగితం న్యూస్‌ప్రింట్ అంతగా పసుపెక్కదు, కాని ఆనాటి లోకాచారం ప్రకారం పట్టించిన రోజిన్, పటికల పని మాత్రం తప్పదు. అందుకే 1950ల నాటి తెలుగు పుస్తకాల్లో చాలావాటి పుట చూపుకు తెల్లగానే ఉండి మడతకు విరుగుతుంది.

చిరకాలం నిలిచే కాగితానికి 1994లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 9706, చినుగుకు ఓర్చే కనీస బలాన్నీ, 7.5 నుంచి 10 లోపు పీహెచ్‌నూ, కాల్షియం కార్బొనేట్ రూపంలో కనీసం 2 శాతం క్షార నిల్వనూ, లిగ్నిన్ దాదాపు లేకపోవడాన్నీ కోరుతుంది. ఈ చివరి షరతు వల్ల న్యూస్‌ప్రింట్, అది ఈనాటి మిల్లులో క్షార పద్ధతిలో చేసినదైనా సరే, ఆ ప్రమాణంలోకి రాదు. రోజూ తెల్లవారుజామున లక్షల ప్రతులుగా ఇళ్లకు చేరే తెలుగు దినపత్రికలు ఈ లెక్కలో ఇంకా 1914 నాటి గట్టునే ఉన్నాయి.